మసి పడని గుడ్డ

గుడ్డ పిండాలంటే రెండు చేతులు కావాలి. చంద్రవ్వకు ఆ శనివారం ఒకటే ఉంది. ఎడమ మణికట్టుకు వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. అందుకని కాలు రెండుసార్లు కడుక్కుని, తడి గుడ్డ ఒక కొసను దాని కింద తొక్కిపెట్టి, ఇంకో కొసను కుడిచేత్తో మెలి తిప్పింది. దేవుని బల్ల మీద పరిచే గుడ్డను తొక్కడం పాపమేమోనని కాసేపు ఆగింది. ఈ చెయ్యి ఎందుకు విరిగిందో చూసినవాడు ఆయనే కదా, ఈ మాత్రం ఒప్పుకోడా అనుకుని మళ్లీ తిప్పింది.

బోధన్‌లో చక్కెర కార్ఖానా వెనక, కూలీల గుడిసెల మధ్య మట్టిగోడల ప్రార్థన గుడి అది. నిజామాబాద్ నుంచి పాస్టరు అయ్యగారు మూడు నెలలకోసారి బస్సు దిగి వచ్చి ప్రభువు భోజనం ఇస్తారు, ఒక రొట్టె ముక్క, ఒక గుక్క ద్రాక్షరసం. మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేది చంద్రవ్వ పెనిమిటి ప్రభుదాసు. కార్ఖానాలో ఫిట్టరు, సంఘంలో పెద్ద. పెద్దరికం అతనిది కనుక ఊడవడం, అలకడం, దీపాలు తుడవడం, గుడ్డలు ఉతకడం ఆమెవి అయ్యాయి. ఎవరూ చెప్పి అప్పగించలేదు; పెళ్లయి వచ్చిన వారానికి అత్త భీమవ్వ చీపురు చేతికిచ్చింది, అంతే. ఒంట్లో బాగాలేని రోజు ఇంకెవరినైనా ఊడవమందామా అని అడిగితే, ‘దేవుని పనికి గూడ మొకం చిట్లిస్తవా’ అన్నాడు ప్రభుదాసు. దేవుని పని అంటే చీపురు ఒక్కటే ఎందుకయిందో, అది ఆడవాళ్ల చేతికే ఎందుకొచ్చిందో అతను చెప్పలేదు.

చెరుకు సీజన్ వస్తే ఆ వాడలో తెల్లగుడ్డ ఆరేసే దిక్కుండదు. చిమ్నీలోంచి కాలిన చెరుకు పిప్పి మసి రాలి అన్నం మీదా నీళ్ల మీదా పడుతుంది, గుడ్డ మీద పడింది తుడిస్తే నల్లగా గీత పడుతుంది. కిందటేడు, అరవై మూడులో, ఆ మరకల గుడ్డ మీదే అయ్యగారు రొట్టె పెట్టాల్సి వచ్చింది. ‘సంఘం ముంగట నా ఇజ్జత్ తీసినవ్’ అని ప్రభుదాసు ఆ సాయంత్రం ఆమె చెంప పగలగొట్టాడు. అప్పటినుంచి సీజన్ నెలల్లో గుడి లోపలే, రెండు కిటికీల మధ్య తాడు కట్టి ఆరేస్తోంది. కిటికీలూ తలుపూ మూసి గొళ్లెం పెట్టుకోవాలి, ఆరేదాకా కాపలా కూర్చోవాలి. ఆ చెంపదెబ్బ పుణ్యమా అని ఆమెకు శనివారం పూట సగం రోజు దొరికింది.

ఇంట్లో లోపలి గొళ్లెం లేదు. పెళ్లయిన రెండో ఏడు ఒకసారి దెబ్బలకు భయపడి తలుపు వేసుకుంటే, అతను కార్ఖానా నుంచి పానా తెచ్చి గొళ్లెం ఊడబీకాడు. ‘నా ఇంట్ల నాకే తలుపు పెడ్తవా’ అన్నాడు. ఇక స్నానం చేస్తున్నా, కన్ను మూసినా ఆమె చెవులు తలుపు దగ్గరే ఉండేవి. గుడి గొళ్లెం పడిన చప్పుడు వింటే మాత్రం భుజాలు వాటంతట అవే కిందికి దిగేవి. చదువు రాదు, పెద్ద ప్రార్థనలు చెయ్యడం రాదు. తడిగుడ్డ కింద కాళ్లు చాపుకుని కూర్చుని, “నేనొచ్చిన,” అనేది. ఎదురుగా ఎవరో పీటేసుకుని కూర్చున్నట్టే ఉండేది. చిన్నప్పుడు ‘దేవుడు చూస్తడు’ అని తల్లి ఈరవ్వ బెదిరించేది. ఇప్పుడా మాటే ఆమెకు ఆసరా. నాలుగు గోడల మధ్య ఎవ్వరూ చూడని దెబ్బల్ని ఒక్కరైనా చూస్తున్నారు, నేను ఒంటరిదాన్ని కాదు అనుకుంటే మళ్లీ శనివారం దాకా ఊపిరి ఆడేది.

కానీ ఆ ఆసరాకు ఒక చిల్లు ఉంది. ప్రభువు భోజనానికి ముందురోజు, శనివారం సాయంత్రం అయ్యగారు ఒక్కో ఇంటిని అడుగుతారు, మీ మధ్య తగువులేమైనా ఉన్నాయా, ఉంటే సరిచేసుకున్నాకే రొట్టె తీసుకోండి అని. ఇంటి తరఫున మగవాడు జవాబిస్తాడు. మేం మంచిగనే ఉన్నామని ప్రభుదాసు తొమ్మిదేళ్లుగా చెబుతున్నాడు. తొమ్మిదేళ్లుగా చంద్రవ్వ పక్కన తలొంచుకుని, మరునాడు రొట్టెకు చెయ్యి చాస్తోంది. పొద్దున ఎవరికి అన్నీ చెప్పుకుందో ఆయన ముందే సాయంత్రం అబద్ధానికి తలూపి, ఇంటికెళ్లాక నన్ను కాపాడమని ఏ మొహంతో అడగాలి? ఒకసారి ఉండబట్టలేక అయ్యగారి భార్యతో చెప్పుకుంది. ఓర్చుకో, నీ ఓర్పు చూసి అతనే మారతాడు అందామె. ఇన్నేళ్లలో మారింది దెబ్బ తగిలే చోటు ఒక్కటే.

మొన్న బుధవారం పప్పులో ఉప్పెక్కువైందని తెడ్డు ఎత్తాడు. తల మీద పడకుండా అడ్డం పెట్టిన చెయ్యి విరిగింది. కట్టు కట్టడానికొచ్చిన ముసలాయనతో, బావి దగ్గర జారిపడిందని భీమవ్వ చెప్పింది. ఏడేళ్ల కూతురు కరుణ గుంజ పట్టుకుని ఆ మాట వింటూ నిలబడింది.

సాయంత్రం సంఘమంతా చాపల మీద కూర్చుంది. బల్ల మీద గుడ్డ ఒక్క మసి చుక్క లేకుండా తెల్లగా ఉంది. అయ్యగారు కట్టు చూసి, ఏమైందమ్మా అని అడిగారు. చంద్రవ్వ గానీ ప్రభుదాసు గానీ నోరు తెరిచేలోగా కరుణ తల్లి కట్టు చూపిస్తూ లేచి నిలబడింది.

“అవ్వ బాయికాడ జారి పడ్డది అయ్యగారు. నేనే సూసిన.”

ఎవరూ చెప్పమనలేదు. తడబడకుండా చెప్పి తండ్రి వైపు చూసింది. అతను తల నిమిరాడు. చంద్రవ్వకు విరిగిన చెయ్యి కంటే అది ఎక్కువ నొప్పెట్టింది. ఏడేళ్లకే పిల్ల తన వంతు నేర్చేసుకుంది. రేపు దీని మొగుడు కొట్టినా ఇంత శుభ్రంగానే చెబుతుంది, పక్కన నేను తలొంచుకుని కూర్చుంటాను అనుకుంది.

అయ్యగారు ఎప్పటిలాగే అడుగుతూ వాళ్ల దగ్గరకొచ్చారు.

“మేం మంచిగనే ఉన్నం అయ్యగారు,” అన్నాడు ప్రభుదాసు.

“లేము,” అంది చంద్రవ్వ.

గొంతు పెద్దది కాదు కానీ అందరికీ వినబడింది. “నా బిడ్డ అబద్ధం చెప్పింది. నన్ను సూసి నేర్సుకున్నది. ఈ చెయ్యి తెడ్డు దెబ్బకు ఇరిగింది. నేను రేపు రొట్టెకు చెయ్యి సాపను.”

ఆడవాళ్లు చాపల వైపు చూశారు. భీమవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు ఇబ్బందిగా కదిలి, ఇంటి సంగతులు ఇంట్లో మాట్లాడుకోవచ్చు కదమ్మా అన్నారు.

“తొమ్మిదేండ్లు ఇంట్లనే మాట్లాడిన అయ్యగారు.”

పదిమందిలో చెయ్యెత్తలేక ప్రభుదాసు గొంతు తగ్గించాడు. “గుడి తాళంచెవి ఇటియ్యి. నువ్వు మల్ల ఈ గడప తొక్కద్దు.”

ఆ తాళంచెవి ఆమెకు ఏమిటో అతనికి తెలియదు. పరువు తీద్దామనే అడిగాడు. చంద్రవ్వ కొంగు ముడిని పళ్లతో విప్పి, తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. దానికి అంటిన మసి తెల్లగుడ్డ మీద గీతగా పడింది. ఇక దాన్ని ఎవరు ఉతుకుతారని ఆమె అడగలేదు. కరుణ చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. సంఘం ముందు పెద్దమనిషిగా కూర్చున్నవాడు లేచి వెంట రాలేకపోయాడు.

కార్ఖానాలో చెరుకు దింపిన ఖాళీ బండ్లు ఆమె పుట్టిల్లున్న కోటగిరి వైపు తిరిగిపోతున్నాయి. పుట్టింటి ఊరి లింబయ్య బండి ఆపి, కట్టు చూసి, ఏమీ అడగకుండా చోటిచ్చాడు. తల్లి ఈరవ్వ గుడిసెకు తలుపే లేదు, తడక. రెండు రోజులు అన్నం పెట్టి మూడో రోజు పొమ్మన్నా పొమ్మనవచ్చు. ఈ చేత్తో చెరుకు కొట్టే పని కూడా దొరకదు. అవన్నీ తెలిసే ఎక్కింది.

“అవ్వా, అమ్మమ్మ అడిగితే ఏం చెప్పాలె?” అంది కరుణ.

“ఏం సూసినవో గదే చెప్పు.”

మసి పిల్ల జుట్టులో, ఆమె ఒళ్లో రాలుతోంది. చంద్రవ్వ తుడుచుకోలేదు. పైకప్పు లేని, గోడ లేని, గొళ్లెం లేని ఆ బండి మీద కాళ్లు చాపుకుని, “నేనొచ్చిన,” అంది. భుజాలు కిందికి దిగాయి.