అడుగు నీళ్లు

గంగాదాస్ అలవాటు కొద్దీ ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి వాగులోకి దిగాడు. ఆర్మూరు అవతల ఈ వాగు గోదావరి దిక్కుకు మళ్లే చోట ఒక ఇనుప స్తంభం ఉంది. తెల్ల రంగు మీద నల్ల గీతలూ అంకెలూ. గేజీ అంటారు దాన్ని. పొద్దునా సాయంత్రం నీళ్లు ఏ గీత దాకా వచ్చాయో చూసి ఆఫీసుకు ఫోన్ చేయడం అతని పని. నూనూగు మీసాల నాడు చేరాడు. ఇప్పుడు మీసం తెల్లబడింది, నీళ్లలో నాని నాని చీలమండల దగ్గర చర్మం చేప పొలుసులా లేచింది. అయినా కాంట్రాక్టు మనిషే.

స్తంభం మొదట్లో తడి కూడా లేదు. ఇసుక తోడి తోడి వాగును అడుక్కి దింపేశారు. కొంచెం ఎగువన తమ్ముడు ప్రేమ్‌చంద్ ట్రాక్టరు ఆపి నిలబడ్డాడు. సీజన్‌లో అది మార్కెట్ యార్డుకు పసుపు మోస్తుంది, మిగతా రోజుల్లో ఇసుక. కూలీల పారలు స్తంభం వైపే జరుగుతున్నాయి.

“గేజీ కాడికి రాకుండ్రి తమ్మీ,” అన్నాడు గంగాదాస్.

“నేను తవ్వకుంటే ఇంకోడు తవ్వుతడు. నీ పని గేజీ చూసుడే గదా అన్నా, చూసుకో.”

ప్రేమ్‌చంద్ ఆ మాట కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. తల్లి పోయాక గంగాదాస్ వీపున మోసి పెంచిన తమ్ముడు.

ఫోన్‌లో సున్నా అని చెబితే, ఇన్నాళ్లూ సున్నా ఏమిటని ఆఫీసాయన అడిగాడు. ఇసుక గుంతల సంగతి నాలుక చివరి దాకా వచ్చింది.

“వానల్లేవు సార్,” అన్నాడు, ఎప్పటిలాగే.

ఇంట్లో భార్య నీలవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. అన్నం తిని ఆమె పక్కనే కూర్చుని ఆకు కత్తిరించి ఇచ్చాడు. మధ్యాహ్నానికి ఎగువన కమ్మర్‌పల్లి దిక్కున మబ్బు దిగింది. ఇక్కడ చినుకు రాలలేదు కానీ, సాయంత్రం అతను వెళ్లేసరికి వాగు ఎర్రగా, నురగలు కట్టి పారుతోంది. కూలీలు లేరు, ట్రాక్టరు లేదు. గంగాదాస్ ముఖం విప్పారింది. ఎన్నాళ్లకో సున్నా కాని మాట ఒకటి చెప్పబోతున్నాడు.

ఒడ్డు నుంచి గీతలు కంటికి ఆనలేదు. పుట్టినప్పటి నుంచి తిరిగిన వాగే కదా అని దిగాడు. నీళ్లు మోకాలి కిందికే ఉన్నాయి. స్తంభం ఇంకా రెండు బారల దూరం ఉందనగా కాలి కింద నేల లేదు.

తెల్లారి వాగు తగ్గేసరికి కొట్టుకొచ్చిన ఇసుకతో గుంత పూడిపోయింది. గంగాదాస్ కొంచెం దిగువన, రాళ్ల సందులో దొరికాడు. స్తంభం మీద బురద చార ఒక్క అడుగు అని రాసిన గీత దగ్గర ఆగి ఉంది. విచారణకు వచ్చిన పోలీసాయన దాన్ని చూసి, అడుగు నీళ్లలో మనిషి మునుగుతాడా, తాగి పడి ఉంటాడు అన్నాడు. తన పెనిమిటి చుక్క ముట్టడని నీలవ్వ మొత్తుకుంది. పోలీసాయన ప్రేమ్‌చంద్ వైపు తిరిగాడు. తను గుంత ఎక్కడ తవ్వించాడో ప్రేమ్‌చంద్‌కు తెలుసు. వదిన ముఖం చూడలేదు.

“అప్పుడప్పుడు తాగుతుండె సార్,” అన్నాడు.

శవాన్ని దవాఖానకు తీసుకుపోవడానికి అతని ట్రాక్టరే దొరికింది. దాని వెనకే జనం కదిలారు. ఖాళీ అయిన ఒడ్డు మీద, తుమ్మచెట్టు కింద, బయటికి వచ్చాక కట్టుకుందామని గంగాదాస్ నాలుగు మడతలు పెట్టి, ఎగిరిపోకుండా పైన గులకరాయి ఉంచిన పొడి లుంగీ.