ఆరింటి నుంచి ఏడింటి వరకు

ఆదివారం ఉదయం పదకొండూ ఇరవైకి, స్టేడియం వెనక ఉన్న ఇండోర్ హాల్లో, వాచీలు బాగుచేసే మెకానిక్ ఒకాయన ఒక పరుగుల క్రీడాకారిణి ముందు నిలబడి, ఏడేళ్ల కిందట ఆమె మీద పడిన నిషేధానికి కారణం తానేనని చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకు ఆరు సెకన్లు పట్టింది.

ఆమె పరుగెత్తేది ఎనిమిది వందల మీటర్లు. మూడుసార్లు జాతీయ ఛాంపియన్. అభిమాన సంఘంలో ఆమెను పిట్ట అనేవారు, ఆయనను బాబాయ్ అనేవారు. ఈ నెలతో పిట్ట పరుగు మానేస్తోంది. అందుకని ఆ ఆదివారం అభిమానులతో ముఖాముఖి పెట్టారు. పది నుంచి ముప్పావు గంట ప్రశ్నలు, తర్వాత వరసలో నిలబడినవాళ్లకు ఫొటో మీద సంతకం. మనిషికి ఒక నిమిషం.

బాబాయ్ దుకాణం బస్టాండు మెట్ల కింద ఉంది. నిలబడితే తల తగులుతుంది. ముప్పై ఏళ్లుగా కంటికి లెన్సు బిగించుకుని, చేత చిమటా పట్టుకుని అక్కడే కూర్చుంటున్నాడు. ఎవరైనా వాచీ ఇచ్చి "సరిగ్గానే నడుస్తోందా?" అని అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పడు. వెనక మూత విప్పి చూసి చెబుతాడు.

స్టేడియంలో ఆయన చోటు ముగింపు గీత పక్కన, కంచె దగ్గర. చేతిలో స్టాప్‌వాచీ. మొదటి చుట్టు పూర్తిచేసి పిట్ట ఎదురుగా వచ్చేసరికి ఎంతయిందో అరిచేవాడు. "యాభై ఎనిమిది!" అంతే, ఇంకో మాట ఉండేది కాదు. అవతల పెద్ద బోర్డు మీద అంకెలు తిరుగుతూనే ఉండేవి. ఒకసారి పిట్ట పేపరువాళ్లతో అంది: "బోర్డెందుకండీ, కంచె దగ్గర మా బాబాయ్ ఉంటాడు. ఆ గొంతు వింటే చాలు, తల తిప్పక్కర్లేదు." ఆ ముక్క కత్తిరించి ఆయన దుకాణంలో బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాడు. అది చూసి భార్య, "మన పెళ్లయి ఎన్నేళ్లయిందో చెప్పండి చూద్దాం," అంది. ఆయన వేళ్లు మడిచాడు. "అదే ఆ పిల్ల రెండో చుట్టయితే టక్కున చెప్పేవారు," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

పై స్థాయిలో పరుగెత్తేవాళ్లకు ఒక నియమం ఉంది. రోజులో ఏదో ఒక గంట తాము ఎక్కడ ఉంటారో ముందే రాసివ్వాలి. బలం పెంచే మందులేమైనా వాడారా అని పరీక్ష చేసేవాళ్లు ఆ గంటలో ఏ రోజైనా, చెప్పకుండా వస్తారు. మనిషి లేకపోతే ఒక లెక్క పడుతుంది. ఏడాదిలో మూడు పడితే నిషేధం. మందు వాడినట్టు ఎవరూ నిరూపించనక్కర్లేదు. పిట్ట రాసిచ్చిన గంట పొద్దున ఆరు నుంచి ఏడు వరకు, ఇంటి దగ్గర.

ఇది బాబాయ్‌కి అప్పట్లో తెలియదు. పిట్ట పుట్టినరోజున, పొద్దున ఐదూ ముప్పై ఐదుకు, సంఘంవాళ్లు పదకొండు మంది ఆమె ఇంటికి వెళ్లారు. తలుపు కొట్టింది బాబాయే.

"ఏడు దాటాక వస్తాను బాబాయ్. అప్పటిదాకా ఇంట్లో ఉండాలి," అంది పిట్ట, నిద్ర కళ్లతో.

"ఎంతమ్మా, పది నిమిషాల పని. ఆరింటికల్లా నీ గుమ్మంలో దింపుతాం. టైము సంగతి నాకొదిలెయ్."

ఫోను ఇంట్లోనే వదిలేసి ఆమె వాళ్లతో వెళ్లింది. ప్రాక్టీసు మైదానం ఐదు నిమిషాల దూరం. అక్కడ ట్రాకు మీద సంఘంవాళ్లు రాత్రంతా కూర్చుని, ఆమె గెలిచిన ప్రతి పరుగు టైమూ సుద్దముక్కతో రాసిపెట్టారు. అంకెలన్నీ బాబాయ్ నోటుబుక్కులోవి. పిట్ట ఒక్కో అంకె దగ్గర ఆగింది. ఫలానా రోజు బూటు లేసు ఊడిందనీ, ఫలానా రోజు కడుపునొప్పనీ చెప్పి నవ్వింది. మబ్బు పట్టి ఉంది, ఎంత పొద్దెక్కిందో తెలియడంలేదు.

మధ్యలో ఒకసారి, "టైమెంతయింది బాబాయ్?" అని అడిగింది.

"ఇంకా ఆరు కాలేదమ్మా," అన్నాడు.

ఆయన అబద్ధం ఆడాడు. అప్పుడు ఆరూ పద్నాలుగు. ఇంకో పది అంకెలున్నాయి. ఆమె వాటిని కూడా చూస్తే బాగుండుననిపించింది. పిట్ట ఇల్లు చేరేసరికి ఏడూ ఐదు. పరీక్షకు వచ్చినవాళ్లు ఆరింటికి వచ్చి, గంటసేపు గుమ్మంలో కూర్చుని, ఏడింటికి వెళ్లిపోయారు. అది మూడో లెక్క.

తీర్పు వచ్చాక మూడు తేదీలూ పేపర్లో వేశారు. మూడోది పిట్ట పుట్టినరోజని చూసి బాబాయ్ చేతిలోని చిమటా పక్కన పెట్టేశాడు. పిట్ట విచారణలో సంఘం ఊసెత్తలేదు. బాబాయ్ విచారణ చేసినవాళ్లకు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు, పోస్టు చేయలేదు. బాధ్యత అంతా క్రీడాకారిణిదేనని నియమంలో రాసి ఉంది కాబట్టి తన ఉత్తరంతో ఒరిగేదేమీ లేదని తనకు తాను చెప్పుకున్నాడు.

నిషేధం రెండేళ్లు. సంఘంలో నూట నలభై మంది ఉండేవారు, ఇరవై ముగ్గురు మిగిలారు. ఆ రెండేళ్లూ బాబాయ్ స్టేడియానికి వెళ్లి అదే కంచె దగ్గర నిలబడ్డాడు. వేరే అమ్మాయిలు ఎదురుగా వెళ్లేవారు. స్టాప్‌వాచీ జేబులోంచి తీసేవాడు కాదు. పిట్ట తిరిగొచ్చాక మళ్లీ తీశాడు. "అరవై మూడు!" అని అరిచాడు. ఆమె తల తిప్పి బోర్డు చూసింది. ఆ తర్వాత ఐదేళ్లూ బోర్డే చూసింది.

ఆయన బావమరిది స్కూలు బస్సు డ్రైవరు. ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకటే పాట. "తప్పు చేయనోళ్లు తలుపేసుకుని పారిపోరు బావా. నువ్వేమో ఇంకా కొబ్బరి నీళ్లంత స్వచ్ఛం అంటావు."

"అది కడిగిన ముత్యం," అనేవాడు బాబాయ్.

"నీకెలా తెలుసు?"

"తెలుసు."

వంద మందితో కలిసి కంచె దగ్గర అరుస్తూ నమ్మడం తేలిక. మెట్ల కింద ఒక్కడే కూర్చుని నమ్మాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి. ఆయన తన తప్పును పట్టుకున్నాడు. తప్పు తనదైతే పిట్టది కాదు.

ఆదివారం పొద్దున టిఫిను దగ్గర భార్యకూ బావమరిదికీ సంగతి చెప్పాడు. భార్య గ్లాసు కింద పెట్టింది.

"ఏడేళ్లు! పక్కింటావిడ పొయ్యి మీద పాలు పొంగినా నాకు చెప్పే మనిషి, ఇది దాచారా?"

"ఇవాళ ఆ అమ్మాయికి చెబుతాను."

"చెప్పండి. ఏమంటుందో ఏమో."

"తిట్టినా బాగుండు," అన్నాడు.

బావమరిది చెయ్యి కడుక్కుని లేచాడు. తానే బండి మీద స్టేడియం దాకా దింపి, బయట మెట్ల మీద కూర్చున్నాడు.

హాల్లో రెండు వందల మంది దాకా ఉన్నారు. ప్రశ్నలు చీటీల మీద రాసిమ్మన్నారు. వేదిక మీది కుర్రది ఏరి చదివింది. పరుగుకు ముందు ఏం తింటారు, ఏ రంగు బూట్లు ఇష్టం. నిషేధం గురించి ఒక్క చీటీ చదవలేదు. బాబాయ్ చీటీ రాయలేదు. పదీ నలభై ఐదుకు వరస కట్టారు. ఆయనది ముప్పై ఐదో స్థానం.

పిట్ట బల్ల వెనక కూర్చుని ఉంది. జుట్టు కత్తిరించుకుంది. పక్కన పసుపుపచ్చ చొక్కా వేసుకున్న వాలంటీరు ఫోనులో టైము చూస్తూ నిలబడ్డాడు.

"బాబాయ్!" అంది పిట్ట. "ఇన్నాళ్లకు ఇటువైపు వచ్చారా? ఎప్పుడూ కంచె అవతలే కదా."

"అమ్మా, నీ పుట్టినరోజున నువ్వు టైమడిగితే ఆరు కాలేదన్నాను. అప్పటికి ఆరూ పద్నాలుగు. నీ నిషేధానికి కారణం నేనే."

పిట్ట ఫొటో మీద తేదీ వేసింది. "తెలుసు బాబాయ్. ఇంటికెళ్లి గోడ గడియారం చూడగానే తెలిసింది."

"మరి విచారణలో ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఏమొస్తుంది? మిమ్మల్నీ పిలుస్తారు, అంతేగా." తలెత్తి ఆయన మొహం చూసింది. చెయ్యి చాచి ఆయన మణికట్టు మీద వేసింది. "అయ్యో, ఏడేళ్లుగా ఇదే మోస్తున్నారా? వదిలేయండి బాబాయ్. మీరు తలుపు కొట్టింది మూడో లెక్క రోజునే. ముందు రెండుసార్లు కొట్టింది మీరు కాదుగా."

"అంకుల్, నిమిషమైంది," అన్నాడు వాలంటీరు.

"ఇంకా పదకొండు సెకన్లుంది," అన్నాడు బాబాయ్, వాచీ చూడకుండానే.

వాలంటీరు ఫోను చూసుకుని వెనక్కి తగ్గాడు. పిట్ట నవ్వింది. "ఇంకేమైనా అడగాలా బాబాయ్?"

పదకొండు సెకన్లు ఉన్నాయి.

"నీళ్లు బాగా తాగుతుండమ్మా," అన్నాడు.

బయట బావమరిది లేచి నిలబడ్డాడు. "చెప్పావా?"

"చెప్పాను."

"తిట్టిందా?"

"లేదు. వదిలేయమంది. ముందు రెండుసార్లు మీరు కాదుగా అంది."

"అవును. మరి ఆ రెండుసార్లు ఎక్కడుందట?"

బాబాయ్ మెట్టు మీద కూర్చున్నాడు. ఆ రెండు తేదీలూ పేపర్లో ఉన్నాయి. చాలాసార్లు చదివాడు. ఒక్కసారి కూడా వాటి దగ్గర ఆగలేదు. "అడగలేదు," అన్నాడు.

"అడగలేదా? ఇన్నేళ్లు నా పీక మీద కూర్చుని కడిగిన ముత్యమన్నావు..." బావమరిది గొంతు తగ్గించాడు. "పోనీలే బావా. నిద్రపోయి ఉంటుంది. బెల్లు వినపడి ఉండదు. పిల్లలు అంతేగా. మా బస్సులో హారను కొడితే కూడా లేవరు."

ఏడేళ్లలో బావమరిది పిట్ట తరఫున మాట్లాడటం అదే మొదలు. బాబాయ్‌కి ఏడుపొచ్చింది.

"పద, ఇంటికి పోదాం. అక్క ఎదురుచూస్తుంటుంది. అడక్కపోతే నష్టమేముంది? ఇన్నాళ్లూ ఎలా ఉన్నావో అలాగే ఉండు."

"ఇన్నాళ్లూ తప్పు నాదనుకున్నానురా. అందుకే ఉన్నాను. ఇప్పుడెలా ఉండను?"

"అడిగాక, ఆ అమ్మాయి చెప్పేది నువ్వు వినలేనిదైతే?"

"అయినా ఆ అమ్మాయి నోటితోనే వినాలి. ఆ కంచె దగ్గర ఇరవై ఏళ్లు నిలబడ్డవాణ్ణి. ఏదో ఒకటి నాకూ చెప్పాలి కదా."

"రెండోసారి వెళ్తే ఆ పసుపు చొక్కావాడు ఊరుకుంటాడా?"

"వరస చివర నిలబడితే ఎవరేమంటారు?"

పదకొండూ యాభైకి బాబాయ్ మళ్లీ హాల్లోకి వెళ్లి వరస చివర నిలబడ్డాడు. ఆయన ముందు యాభై నలుగురు ఉన్నారు. వాలంటీరు దగ్గరికొచ్చి, "మీది అయిపోయిందిగా అంకుల్," అన్నాడు. బాబాయ్ ఒక మాట మరిచిపోయానన్నాడు. వాలంటీరు భుజాలెగరేసి వెళ్లాడు. తర్వాత ఎవరూ వరసలోకి రాలేదు. బావమరిది గుమ్మం దగ్గర నిలబడి అక్కకు ఫోను చేసి, అన్నం వడ్డించొద్దని చెప్పాడు. వరస నిమిషానికి ఒకరి చొప్పున కదిలింది.

పన్నెండూ నలభై రెండుకు ఒకావిడ వచ్చి పిట్ట చెవిలో ఏదో చెప్పింది. పిట్ట లేచి హాలంతటికీ చేతులు జోడించి, వెనక తలుపు నుంచి కారు దగ్గరికి వెళ్లిపోయింది. అప్పటికి వరసలో బాబాయ్ ముందు ఇద్దరున్నారు.