నోరు తెరిచి చెప్పాలట

మా ఊరికి బావి రాకపోవడానికి కారణం మా మూఢత్వమేనని అచ్చుపుస్తకంలో రాశారు. ఆ పుస్తకం మా స్కూళ్ల ఇన్‌స్పెక్టరు బల్ల మీద చూశాను. చదివాక చేతులు కడుక్కోవాలనిపించింది. ఛీ! ఇంతకంటే మర్యాదైన మాట నాకు రావడం లేదు.

నా పేరు విశ్వాసమ్మ. పత్తికొండకు అవతల జొన్నగుండ్లలో మిషను బడి టీచరును. ఊరికంతటికీ తాగడానికి ఒకటే దిగుడుబావి. మెట్లు దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి కడవ ముంచుకోవాలి. కాలికి పుండున్నవాళ్లూ అందులోనే నిలబడతారు. మాలపల్లె వాళ్లం మేము ఆ మెట్లు తొక్కకూడదు. పైన కడవ పెట్టుకొని కూర్చుంటే ఎవరో దయతలచి పోస్తారు. వాళ్లందరి కాళ్లూ కడిగిన నీళ్లే మాకూ పోస్తారు గనక, నారికురుపు విషయంలో మాత్రం మా ఊళ్లో కులభేదం లేదు.

నారికురుపంటే తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. పుండున్న కాలు ముంచిన నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి, సరిగ్గా ఎండలు ముదిరి విత్తనాలు దగ్గరపడే వేళ కాలి మీద బొబ్బ లేస్తుంది. అది పగిలి, తెల్లటి నూలుపోగులాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకు కొంచెంగా బయటికి తీయాలి. మనిషి మంచం మీద ఉంటాడు, చేను బీడు పడి ఉంటుంది. తొందరపడి లాగితే పురుగు లోపలే తెగుతుంది. తెగితే కాలు కుళ్లుతుంది. ఆ తర్వాత మనిషి దక్కడం దేవుడి దయ.

అందుకే మా ఊళ్లో ఒక కట్టుబాటుంది. పురుగు తల కనిపించింది మొదలు పూర్తిగా బయటపడేదాకా ఆ ఇంట్లో దాని పేరెత్తరు. ఉందని ఒప్పుకోరు. ఎవరడిగినా అంతా చల్లగా ఉన్నామంటారు. ఒప్పుకుంటే పురుగు విని తెగుతుందట. ఇరుగుపొరుగువాళ్లూ చెప్పరు, చెబితే ఆ పాపం వాళ్లకు చుట్టుకుంటుందని. నాకు ఇలాంటి నమ్మకాలు లేవు. అయినా మా అమ్మ కాలికి వచ్చినప్పుడు నేనూ నోరు మూసుకునే ఉన్నాను.

కర్నూలు రాజధాని అయిన రెండో ఏట, ఎండలు మండుతుండగా, అక్కడి నుంచి ఒక పరిశోధన బృందం జీపులో దిగింది. ప్రజల ఆరోగ్యం, చదువు, న్యాయం, నీళ్లు, అన్నీ విచారించి సర్కారుకు దారి చూపిస్తారట. పెద్దాయన పరాంకుశంగారు, గుంటూరు వైపు మనిషి. వెంట ఒక కుర్ర డాక్టరు, ఒక గుమాస్తా. ఆడవాళ్లతో మాట్లాడడానికి తోడుండమని నన్ను పిలిపించారు.

పరాంకుశంగారు చావడి దగ్గర ఊరందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. నారికురుపు ఎక్కువగా ఉన్న ఊళ్లకు సర్కారు చేదబావి ఇస్తుందన్నారు. మెట్లుండవు, చుట్టూ గోడ, పైన గిలక. ఎవరూ నీళ్లలో కాలు పెట్టే పని లేదు. ఏ ఊళ్లో ఎంత ఉందో తేల్చడమే తమ పని అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడే జీపు వెనక డబ్బాలు కనిపించాయి. కర్నూలులో కాచి వడగట్టి తెచ్చుకున్న నీళ్లట. మధ్యాహ్నం ఊరి పెద్ద రెడ్డిగారింట్లో కోడికూర తిని, చేతులు కూడా ఆ నీళ్లతోనే కడుక్కున్నారు. మా నీళ్లు చెడ్డవని వాళ్ల గొంతుకు బాగానే తెలుసు. కాగితానికి మాత్రం రుజువు కావాలి.

గుమాస్తా గడప గడపకూ పోయి ఒకటే ప్రశ్న అడిగాడు, ఇంట్లో ఎవరికైనా నారికురుపు ఉందా అని. ఆ రోజు పోయిన ప్రతి గడపా ఒకటే జవాబిచ్చింది. వాకిట్లో మంచం మీద వాచిన కాలు చాపుకొని మగవాడు పడుకొని ఉంటే, పక్కనే నిలబడి పెళ్లాం అంతా సల్లగుండాము సామీ అంటుంది. గుమాస్తా ‘లేదు’ అని రాసుకొని తర్వాతి ఇంటికి నడుస్తాడు.

సాయంత్రం రెడ్డిగారి అరుగు దగ్గర పరాంకుశంగారికి మా కట్టుబాటు సంగతి చెప్పాను. అడగొద్దు సార్, కాళ్లు చూసి రాసుకోండి అన్నాను. ఆయన బడిపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పారు.

“ఇంటివాళ్లు నోరు తెరిచి చెప్పిందే మాకు లెక్కమ్మా. మనం చూసి రాస్తే అది మన అభిప్రాయం అవుతుంది, పరిశోధన అనిపించుకోదు.”

“పుండు కూడా అభిప్రాయమేనా సార్?”

ఆయన నవ్వారు.

అరుగు కింద కసువూడుస్తున్న ఉరుకుందమ్మ ఈ మాటలన్నీ వినింది. రెడ్డిగారింట్లో పనిచేస్తుంది. మొగుడు పుల్లన్నకు రెండెకరాల ఎర్రనేల. నిరుడు విత్తే వేళకు మంచం పట్టాడు, ఈ యేడూ పట్టాడు. పిల్లాజెల్లా లేరు, ఉన్నది ఇద్దరే. చీపురు చేత్తోనే నా వెంట వచ్చి, ఒక్క ఇల్లయినా నోరు తెరిస్తే బావి వస్తుందా అని అడిగింది. వస్తుందని నేను చెప్పలేదు. ఒకరు చెబితే మిగతావాళ్లకు ధైర్యం రావచ్చని మాత్రం అన్నాను. ఆమె చీపురు గోడకు ఆనించింది.

“మళ్లా యేటికీ ఆ మెట్లే దిగాల గదా పంతులమ్మా. నేను సెప్తా. పురుగు యింటే యిననీ, సర్కారు గూడా యింటాది గదా.”

తెల్లవారి గుమాస్తా ఆమె గడప ముందుకు వచ్చేసరికి వీధంతా చేరింది. ఉరుకుందమ్మ కొంగు నడుముకు దోపుకొని నిలబడింది.

“ఉండాది సార్. నా మొగునికి నారి ఉండాది.”

గుమాస్తా రాసుకున్నాడు. అంతలో కుర్ర డాక్టరు ముఖం వెలిగింది. రాజధానిలో చూపించడానికి అతనికి ఒక పురుగు కావాలట. గాజుసీసా, పట్టకారు తీసుకొని లోపలికి దూరాడు. పుల్లన్న పురుగు అప్పటికి సగం పుల్లకు చుట్టి ఉంది. లాగొద్దు దొరా, అదే వస్తాదని పుల్లన్న చేతులు జోడించాడు. నేనూ అడ్డం పడ్డాను. తనకు తెలియదా అన్నట్టు నన్ను పక్కకు జరగమని, పుండు మీద ఏదో మందు పూసి, పట్టకారుతో లాగాడు.

తెగింది. పుల్లన్న పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది.

డాక్టరు ఆ ముక్కను సీసాలో వేసి, వెలుతురుకు పట్టి చూసుకొని, మూత బిగించాడు. ముక్కను అంత పదిలంగా పట్టుకున్నవాడు ఆ కాలి వైపు మళ్లీ చూడలేదు. పుండు మీద ఒక గుడ్డపేలిక వేసి బయటికి వచ్చేశాడు. సిగ్గు, ఎగ్గు ఉండక్కర్లేదా?

ఇంకెవరు నోరు తెరుస్తారు? పేరెత్తింది, తెగింది. ఊరంతా కళ్లారా చూసింది. మిగిలిన గడపలన్నీ చల్లగానే ఉన్నాయి. పొద్దు నడినెత్తికి రాకముందే జీపు వెళ్లిపోయింది.

నాలుగు రోజుల్లో పుల్లన్న కాలు తొడదాకా వాచి నల్లబడింది. బండి కట్టి కర్నూలు ఆసుపత్రికి బయలుదేరాము. కోడుమూరు దాటకముందే ప్రాణం పోయింది. బండి వెనక్కి తిప్పి తెచ్చాము. శవం దించుతుండగానే, నోటితో మొగుణ్ణి సంపుకున్న ముండ అని ఎవరో అన్నారు. లాగింది డాక్టరు కాదా అని నేను గొంతు చించుకున్నాను. వినేదెవరు? ఆ తర్వాత ఉరుకుందమ్మ కడవతో బావికి వస్తే, ఆడవాళ్లు మెట్లెక్కి పైకి వచ్చేసేవాళ్లు. ఆమె దిగి, ముంచుకొని, తల దించుకొని పోయేది. మా పల్లె కడవల్లో నీళ్లు పోసే చెయ్యి కూడా చివరికి ఆమెదే అయింది.

అచ్చుపుస్తకంలో మా ఊరికి రెండు వరుసలు దక్కాయి. జొన్నగుండ్లలో రోగి ఒక్కరు, ప్రజలు మూఢనమ్మకాల వల్ల సహకరించలేదు, చేదబావి అవసరం ప్రస్తుతం కనిపించదు. ఆ ఒక్కరూ ఏమయ్యారో రాయలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది. దిగుడుబావి మాత్రం ఎక్కడికీ పోలేదు. మరుసటి ఎండాకాలం కొత్త జీపు వచ్చింది, కొత్త మనుషులు దిగారు. మళ్లీ నన్నే తోడు పిలిచారు. వద్దు అందామనుకున్నాను. ఈసారైనా కళ్లున్నవాడు వచ్చాడేమోనని పోయాను. పోకుంటే బాగుండేది.

ఉరుకుందమ్మ గడప ముందు ఆగాము. తెల్లచొక్కా కుర్రవాడు అదే ప్రశ్న అడిగాడు, అక్షరం మారలేదు. ఆమె ద్వారబంధం పట్టుకొని ఒంటికాలి మీద నిలబడి ఉంది. రెండో కాలికి గుడ్డ చుట్టుకుంది. గుడ్డ సందులోంచి చీపురుపుల్ల కొన బయటికి కనిపిస్తోంది. ఆమె అతణ్ణి చూడలేదు. నన్ను చూసింది. చెప్పొద్దని ఆ చూపు బతిమాలింది.

“ఎవురికీ లేదు సార్. అంతా సల్లగుండాము.”

అంతా అనడానికి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

నిజమేనా టీచరుగారూ అని కుర్రవాడు నన్నడిగాడు. నేను పేరెత్తలేదు. ఒక్కసారి కిందికి చూడండి సార్ అన్నాను. అతను కాగితం మీది నుంచి తల ఎత్తి, ఇంటివాళ్లు చెప్పిందే రాయాలండీ అన్నాడు. రాసుకున్నాడు. తర్వాత జీపు దగ్గరికి పోయి, తాను తెచ్చుకున్న సీసాలోంచి నీళ్లు తాగాడు.