గిన్నె అడుగు అన్నం

అందరి భోజనాలూ అయ్యాక గిన్నెల అడుగులు గీకడం కుమారి పని. గీకినదాంట్లో సగం తన కంచంలోకి, సగం రోజీ చిప్పలోకి. మెతుకు నేలపాలైతే అత్తగారు అన్నమ్మ ఊరుకోదు. "దేవుడిచ్చిన అన్నం పారబోస్తే పాపం తగులుద్దే. నువ్వన్నా తిను, కుక్కకన్నా పెట్టు," అంటుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. తర్వాత్తర్వాత అలవాటైపోయింది.

ఆ పూట చిప్ప చప్పుడైనా రోజీ రాలేదు. వరండాలో ముందుకాళ్ళ మీద లేచింది గానీ నడుము లేవలేదు. నున్నటి నాపరాళ్ళ మీద వెనక కాళ్ళు జారి కూలబడింది. కుమారి వైపు చూసి, తప్పు చేసినదానిలా తోక ఆడించింది. ఆ తోక చూసి కుమారికి ఏడుపొచ్చింది. ప్రాణం పోయేంత నొప్పిలోనూ ఎదుటివాళ్ళని మంచి చేసుకోవాలని దీనికెవరు నేర్పారో!

రోజీని తెనాలి నుంచి పిల్లగా తెచ్చింది ఆమె భర్త దేవదానం. రేపల్లె కోర్టులో గుమాస్తా. "సీమకుక్కండీ," అని వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిందీ ఆయనే. దొడ్డి కడిగిందీ, ఈతలప్పుడు పక్కన కూర్చుందీ కుమారి. ఊళ్ళో మాత్రం అది దేవదానంగారి కుక్క.

"ముసలిదైపోయింది," అన్నాడాయన పేపరు మడుస్తూ. "నెలాఖరుకి లేచి తిరిగితే సరే. లేదంటే బాపట్ల పోయే లారీ ఎక్కించి సముద్రం ఒడ్డున దింపించేస్తా. చేపల దగ్గర అదే బతుకుద్ది."

"నడవలేంది ఎట్టా బతుకుద్దండీ?"

"నడవలేందానికి ఇక్కడ మాత్రం పనేముంది?"

కుమారి మిషను బడిలో పొద్దంతా నిలబడి పాఠాలు చెప్పి వస్తుంది. సాయంత్రం ఇంటి మెట్టెక్కితే మోకాళ్ళు కలుక్కుమంటాయి. ఒకసారి నోరు విడిచి చెబితే, "ఆడవాళ్ళకి ఈ వయసులో మామూలేలే," అన్నాడు. ఇప్పుడా రెండు మాటలూ పక్కపక్కన కూర్చునేసరికి ఆమెకు భయమేసింది. రోజీ కోసమా, తన కోసమా అన్నది తనకే తెలియలేదు.

మర్నాడు ఒంటిపూట సెలవు పెట్టి, రోజీని రిక్షాలో పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళింది. గేదెల మధ్య కుక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న టీచరమ్మను చూసి జనం నవ్వారు. నవ్వితే నవ్వారు, అనుకుంది. డాక్టరు రోజీ తుంటి నొక్కి చూశాడు.

"కీళ్ళు అరిగినయ్యమ్మా. పూర్తిగా పోదుగానీ సుఖంగా ఉంచొచ్చు. ఏం పెడతన్నారు?"

"మిగిలిందండి."

"ఎంత?"

"ఎంత మిగిలితే అంతండి."

"అదీ సంగతి. ఆ బరువంతా మోసేది ఆ తుంటేగా! ఒళ్ళు తగ్గితే నొప్పీ తగ్గుద్ది. ఆకలికి సరిపడా పెట్టండి, మిగిలినవన్నీ దాని పొట్టలో పొయ్యకండి. జారే నేల మీద ఉంచొద్దు. వెచ్చగా కాపడం పెట్టండి. కొంచెం కొంచెం నడిపించండి."

ఆయన చెప్పింది కుక్క సంగతే. రిక్షాలో దారి పొడుగునా కుమారి తన మోకాళ్ళనే చూసుకుంది.

వరండా అంతా గోనెపట్టాలు పరిచింది. పాత దుప్పటి మడిచి పక్క వేసింది. కాలవ గట్టున వావిలాకు కోసుకొచ్చి మరగబెట్టి, గుడ్డ ముంచి పిండి, వేడి తన మోచేతి మీద చూసుకుని రోజీ తుంటి మీద వేసింది.

"కుక్కకి బాలింత నీళ్ళా!" అన్నమ్మ ముక్కున వేలేసుకుంది.

కొడుకు పుట్టినప్పుడు కుమారికి ఆ నీళ్ళు మూడ్నాళ్ళ ముచ్చటే అయ్యాయి. ఆడపడుచు పెళ్ళి పనులంటూ పొయ్యి దగ్గరికి పిలిచేశారు. ఆ కొడుకు ఇప్పుడు తెనాలి హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. అప్పుడు పట్టుకున్న నడుంనొప్పి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. రోజీ నిట్టూర్చి ఆమె ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. కుమారి ఇంకో గుడ్డ పిండి తన మోకాలి మీద వేసుకుంది. అమ్మయ్య, ఎంత హాయి! ఇంత చిన్న సుఖానికి ఇన్నాళ్ళూ ఎవరు సెలవిస్తారని ఆగానో, అనుకుంది.

నెలాఖరుకి రోజీ లేచింది. కుంటుతూనే గేటుదాకా వెళ్ళి దేవదానానికి ఎదురొచ్చింది. "చూశావా, సీమజాతి! అంత తేలిగ్గా పడదు," అని ఆయన మీసం దువ్వుకున్నాడు. లారీ మాట మళ్ళీ ఎత్తలేదు. అయితే రోజీ చిప్పలోకి పోని అడుగన్నమంతా కుమారి కంచంలోకే రావడం మొదలైంది. "కుక్కకి పథ్యమైతే నువ్వే తిను మరి," అంది అన్నమ్మ.

ఆదివారం చర్చి నుంచి వచ్చి కుమారి అన్నం వండింది. బల్ల మీద మూడు కంచాలు పెట్టింది.

"మూడోది ఎవరికే?" అంది అన్నమ్మ.

"నాకత్తయ్యా."

"మరి వడ్డించేదెవరు?" అన్నాడు దేవదానం.

"గిన్నెలు మధ్యలోనే ఉన్నాయి కదండీ."

కుర్చీ లాక్కుని కూర్చుంది. గోనెపట్టా మీద నుంచి రోజీ మెల్లగా లేచి వచ్చి, ఆమె పాదాల దగ్గర పడుకుంది.

"అందరం ఒక్కసారే తింటే, మిగిలింది ఎవరు తింటారే?"

"ఏం మిగలదత్తయ్యా. ఇవాళ నన్ను కూడా లెక్కేసుకుని వండాను."