ముందు బ్రేకులకు పట్టని చక్రం

నేను ఒక స్టెప్నీని. కారు డిక్కీలో, చాప కింద, చీకటి గుంటలో పడుకుని ఉండే అయిదో చక్రాన్ని. ఇప్పుడు రాజమండ్రి శివార్లలో ఒక పాత ఇనుము కొట్టు వెనక, విరిగిన సైకిళ్ళ మీద ఒరిగి ఉన్నాను. వాన పడితే నా గుంటలో నీళ్ళు నిలుస్తాయి. కాకులు వచ్చి తాగుతాయి. అలిసిపోయాను. తిరిగి తిరిగి అలిసిపోతే ఆ అలుపుకు ఒక గౌరవం ఉండేది. నేను పిలుపు కోసం కాచుకుని కాచుకుని అలిసిపోయినదాన్ని.

ఇనప రేకును వంచి, అతికి, నల్లరంగు పూసి మమ్మల్ని అయిదుగురిని ఒకే కారుకు ఇచ్చారు. నలుగురికి అందం కోసం ప్లాస్టిక్ మూతలు బిగించారు. నాకు అదీ లేదు. ఎవరూ చూడని దానికి అలంకారం ఎందుకు?

ఆ కారు కొన్నది ఉమాపతిగారు. రాజమండ్రిలో కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. ఆయన అద్దాలు అరగదీస్తుంటే భార్య వకుళగారు గల్లా దగ్గర కూర్చునేది. పిల్లలు లేరు. వకుళగారికి లోకంలో ఉన్న మరో మనిషి భద్రాచలంలో ఉండే అక్క సీతారత్నంగారు. చిన్నప్పుడే తల్లి పోతే చెల్లెల్ని పెంచింది ఆమే. దుకాణానికి సెలవు దొరికితే చాలు, మారేడుమిల్లి ఘాట్ మీదుగా అక్క దగ్గరికి ప్రయాణం. పచ్చళ్ళ జాడీలు నా మీదే పెట్టేవారు. చాలా ఏళ్ళు నా ఉద్యోగం అదే.

ఒకసారి ఘాట్ దిగుతుంటే ముందు చక్రాల నుంచి మాడు వాసన వచ్చింది. తర్వాత ఉమాపతిగారి కేక వినిపించింది. బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేశాయి. ఎదురుగా లోయ మలుపు. ఆయన కారును కొండవైపు తిప్పేశారు. అది కొండ రాళ్ళకు రాసుకుంటూ పోయి ఆగింది. ప్రాణాలు దక్కాయి. ముందుకు తూలినప్పుడు డాష్‌బోర్డుకు చెయ్యి అడ్డం పెట్టిన వకుళగారి మణికట్టు మాత్రం విరిగింది.

కట్టు విప్పిన రోజున ఆమె చెప్పేసింది. “ఆ కారుకో దణ్ణమండీ. ఇక మీదట నేను బస్సులోనే వెళ్తాను.”

మనుషులు విచిత్రమైనవాళ్ళు. నోటితో అనాల్సిన మాట బరువనిపిస్తే, దానికి బదులు ఏదో ఒక వస్తువు కొనేస్తారు. ఉమాపతిగారు బ్రేకులు కొన్నారు.

మామూలు బ్రేకులు కావవి. ముందు చక్రాలకు పళ్ళేలంతటి డిస్కులు, ఆ డిస్కును రెండువైపుల నుంచీ కరిచిపట్టే లావుపాటి ఇనప దవడలు. వాటిని క్యాలిపర్లంటారట. మెకానిక్ మస్తాన్ అవన్నీ బిగించి, మా అక్కచెల్లెళ్ళలో ఒకదాన్ని తీసుకొచ్చి తొడగబోయాడు. ఠంగుమంది. లోపల చోటు చాలలేదు.

“పాత చక్రాలు పట్టవండీ. పెద్దవి బయట కొనాలి.”

ఆయన వెళ్ళి మెరిసిపోయే అల్లాయ్ చక్రాలు తెచ్చారు. కొలత పెద్దదే. అయినా వాటి పుల్లలు లోపలికి వంగి ఉండటంతో దవడకు తగిలాయి. మధ్యలో ఒక పలకేసి చక్రాన్ని బయటికి జరుపుదామన్నాడు మస్తాన్. ఉమాపతిగారు ఒప్పుకోలేదు. “మధ్యలో ఏదీ వద్దయ్యా. ఆవిడ కూర్చోవాలి.” వాటిని తిప్పి పంపి, పుల్లలు బయటికి ఉబ్బిన ఇంకో జత తెచ్చారు. ఈసారి వేలు దూరేంత సందుతో చక్కగా తిరిగాయి. వెనక బ్రేకులు పాతవే అయినా, చూపుకు ఒకేలా ఉండాలని నాలుగూ మార్చేశారు. నా అక్కచెల్లెళ్ళు ఎటో వెళ్ళిపోయారు. నా సంగతి ఎవరికీ గుర్తురాలేదు. నేను చాప కిందే ఉండిపోయాను.

ఇంత చేసినా వకుళగారు కారెక్కలేదు. ఆయన ఒక్కరే గోదావరి గట్టు దాకా తోలుకెళ్ళి, గట్టిగా బ్రేకు కొట్టి చూసుకుని, తిరిగి వచ్చేవారు.

ఒక ఉదయం భద్రాచలం నుంచి ఫోను వచ్చింది. సీతారత్నంగారికి ఊపిరి అందడం లేదు, చెల్లెల్ని చూడాలంటోంది. బస్సు సాయంత్రానికి గానీ లేదు. వకుళగారు చెప్పులేసుకుని వచ్చి, ముందు సీటులో కూర్చుని, “పదండి” అంది.

ఘాట్‌లో ఆమె ఊపిరి కూడా వినపడలేదు. ప్రతి మలుపులోనూ బ్రేకులు మెత్తగా పట్టాయి. ఏ వాసనా లేదు. అక్కడ, ఆ పెద్ద బ్రేకులు తమ పని తాము బుద్ధిగా చేస్తున్న వేళ, వాన కోసేసిన రోడ్డు గుంటలో ముందు చక్రం పడింది. అంత ఖరీదైన చక్రం అంచు వంగి, టైరు చీలిపోయింది.

అప్పుడు చాప లేచింది. వెలుగు. ఇన్నేళ్ళకు రెండు చేతులు నన్ను ఎత్తాయి. నా ఆనందం ఏమని చెప్పను? ఉమాపతిగారు జాకీ ఎత్తి, చీలినదాన్ని ఊడదీసి, నన్ను తొడిగారు.

ఠంగు.

మళ్ళీ తిప్పి తొడిగారు. మళ్ళీ అదే చప్పుడు. కాలితో తన్నారు. ఆ ఇనప దవడ నాకు అంగుళం కూడా చోటివ్వలేదు. చుట్టూ అడవి. ఫోనుకు సిగ్నల్ లేదు. ఆయన రోడ్డు మీదే చతికిలబడ్డారు.

“అన్నీ చూశాను వకుళా. దీన్ని మర్చిపోయాను.” చేతిలో ఉన్న నట్లు కింద పెట్టారు. “ఆ రోజు కూడా బ్రేకుల తప్పు కాదు. గేరు తగ్గించకుండా కొండంతా బ్రేకు మీదే కాలేసి దిగాను. నా తప్పే.”

“నాకు తెలుసండీ. పక్కనే కూర్చున్నాను కదా, మీ కాలు నాకు కనబడదా?”

“మరి ఎప్పుడూ అనలేదే?”

“మీరంటారని చూశాను. ఈ ఒక్క మాటకి ఇన్ని చక్రాలు మార్చాలా?”

ఆమె దిగి వచ్చి నా పక్కన వంగింది. విరిగి అతికిన ఆ చెయ్యి నా అంచు మీద పెట్టింది.

“వెనక్కాల కూడా ఈ పెద్ద బ్రేకులేనా?”

“కాదు. అక్కడ పాతవే.”

“అయితే ఇది వెనక పట్టదాండీ? వెనకది తీసి ముందు పెట్టండి.”

ఆయన గబగబా లేచి, చీలినదాన్నే ముందు తాత్కాలికంగా బిగించి, జాకీ వెనక్కి మార్చారు. నేను నాకు సరిపడే ఆ పాత బ్రేకు మీదికి, ఏ చప్పుడూ లేకుండా, ఇంటికి వచ్చినట్టు వెళ్ళి కూర్చున్నాను. వకుళగారు నట్లు ఒక్కొక్కటీ అందించింది. వెనక నుంచి తీసిన అల్లాయ్ చక్రం ముందుకు వెళ్ళింది. నేను మొదటిసారి రోడ్డును తాకాను. వేడిగా, గరుకుగా ఉంది.

సీతారత్నంగారు అప్పటికి మాట్లాడగలుగుతోంది. చెల్లెలి చేత్తో గంజి తాగిందట. వాకిట్లో నా పక్కన నిలబడ్డ ఇరుగుపొరుగు చెప్పుకుంటుంటే విన్నాను. రెండు రోజుల తర్వాత ఇంట్లోంచి ఏడుపు వినిపించింది.

కర్మకాండలు ముగిశాక అదే దారిన తిరుగు ప్రయాణం. వంగిన చక్రానికి జత అక్కడ దొరకలేదు కనుక వెనక ఇంకా నేనే ఉన్నాను. ఏడ్చి ఏడ్చి వకుళగారి గొంతు పోయింది. “మారేడుమిల్లిలో టీ తాగుదామండీ, తల పగిలిపోతోంది” అని మాత్రం అంది.

కొండెక్కి దిగడం మొదలుపెట్టాం. కొన్ని మలుపులు తిరిగేసరికి ఆమె తల కిటికీ అద్దానికి ఆనింది. అద్దం అదురుకు తల కొట్టుకోకుండా ఉమాపతిగారు కారు ఆపి, తన కండువా మడిచి ఆమె చెంప కింద పెట్టారు. ఆమె కదల్లేదు. ఘాట్ దిగుతూ, ఆయన తోలుతున్న కారులో, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతోంది.

మారేడుమిల్లి వచ్చింది. టీ దుకాణాల ముందు పొయ్యిలు మండుతున్నాయి. ఆయన వేగం తగ్గించి, ఒకసారి ఆమె వైపు చూసి, ఆపకుండా పోనిచ్చారు.