శవం తుమ్మిన సినిమా

ఆ ఇంట్లో ఆ సినిమాని పేరు పెట్టి పిలవరు. ‘ఆ సినిమా’ అంటారు, అంతే. బయటివాళ్లకి అంత మొహమాటం లేదు. ముప్పై ఏళ్లుగా ఎక్కడ ఏ సినిమా చతికిలబడ్డా, ‘పోనీలే, దానికన్నా నయమే’ అని ఓదార్చుకోవడానికి అది అక్కరకొస్తూనే ఉంది. దాన్ని తీసింది ఎడిటరుగారి బావ. రెండో సగమంతా కత్తిరించి అతికించింది స్వయంగా ఎడిటరుగారు. తిట్లు మాత్రం మొత్తం బావే తిన్నాడు. సినిమా చూసేవాళ్లకి డైరెక్టరనేవాడు తెలుసుగానీ, లోపలెక్కడో కత్తెర పట్టుకుని ఇంకొకడు కూర్చుంటాడని తెలియదు కదా! ఈ ఏర్పాటు ఎడిటరుగారికి మహా సుఖంగా ఉండేది.

ఇప్పుడాయన పెళ్లి వీడియోలు కత్తిరించుకుంటున్నారు. సినిమాల్లోంచి ఎవరూ పొమ్మనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

ఆయన మేనకోడలు, అంటే బావ కూతురు, ఈ మధ్య ఒక కొత్త వేడుక మొదలుపెట్టింది. ఆదివారం మధ్యాహ్నం టైర్ల దుకాణం పైనున్న హాల్లో వంద కుర్చీలు వేయించి, తెరమీద ఆ సినిమా ఆడుతుంటే పక్కనే మైకు పట్టుకుని వ్యాఖ్యానం చెబుతుంది. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతారట. కన్నతండ్రి ముందు వరసలో కూర్చుని మరీ నవ్వుతాడట. ఎడిటరుగారు ఏడుసార్లు తప్పించుకున్నారు. రెండుసార్లు పంటినొప్పి, మూడుసార్లు పెళ్లివారి తొందర, ఒకసారి జ్వరం. ఇంకొకసారి ఏం చెప్పారో ఆయనకే గుర్తులేదు. ఎనిమిదోసారి మేనకోడలు, “మావయ్యా, ఈసారి రాకపోయావో, ఇక నీకూ నాకూ మాటల్లేవు” అంది. దాంతో ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరక తప్పలేదు.

హాలు మెట్లమీద అక్క పట్టుకుంది.

“విన్నావురా? నీ మేనకోడలి కథ ఒక నిర్మాతకి నచ్చిందట. నువ్వే డైరెక్షను చెయ్యమ్మా అన్నాడట. రేపటికల్లా ఏదో ఒక మాట చెప్పాలి. ఇదేమో చెయ్యనంటోంది.”

“ఎందుకని?”

“ఎందుకేమిటి! మా నాన్న కూతుర్ని, నాకెక్కడ చేతనవుతుంది అంటోంది. నాలుగేళ్లు కూర్చుని రాసుకుందిరా ఆ కథ. పోనీ మీరైనా చెప్పండి అంటే, మీ బావ నోరు విప్పడు. చెప్పడానికి ముఖం చెల్లద్దూ ఆయనకి!”

ఎడిటరుగారు మెట్టుమీదే ఆగిపోయారు. ఎందుకంటే రెండో సగం అంత దరిద్రంగా ఎందుకుందో ఈ భూమ్మీద ఆయనొక్కడికే తెలుసు.

అసలు సంగతి ఇది. ఎడిటింగు గదిలో బల్లకి రెండువైపులా కొక్కేలుండేవి. గురువుగారు, డైరెక్టరు సరేనన్న టేకుల ఫిల్ము ముక్కల్ని తన ఎడమవైపు, పనికిరావన్నవాటిని కుడివైపు వేలాడదీసేవారు. మన ఎడిటరుగారు పని నేర్చుకున్నది ఆయనకి ఎదురుగా కూర్చుని. అంటే ఎదుటివాడి ఎడమ మనవాడికి కుడి. విడుదలకి వారముందనగా గురువుగారు జ్వరంతో మంచం పట్టారు. శిష్యుడు ఎగిరి గంతేసి ఆ కుర్చీలో కూర్చుని, అలవాటు ప్రకారం కుడిచేతివైపున్నవన్నీ తీసి శ్రద్ధగా అతికించేశాడు. ఒక్క మంచి ముక్క కూడా పొరపాటున పడలేదు. అంత నిష్ఠగా ఆయన జీవితంలో మరే పనీ చేయలేదు. రీళ్లు తడి ఆరకుండానే థియేటరుకి వెళ్లిపోయాయి.

పోనీ, అతికిస్తున్నప్పుడైనా అనుమానం రావద్దూ? వచ్చింది. హీరో తల్లి శవం తుమ్మినప్పుడు వచ్చింది. ‘బావ చదువుకున్నవాడు, ఇందులో ఏదో లోతైన అర్థం ఉండే ఉంటుంది’ అని సర్దుకున్నారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లూ నోరు కుట్టేసుకున్నారు. ఇంట్లో ఏ శుభకార్యమైనా, బావ ఈ చివర కూర్చుంటే ఈయన ఆ చివర విస్తరి వేయించుకునేవారు.

అక్క తమ్ముణ్ని ముందు వరసలో తనకి ఇటుపక్క కూర్చోబెట్టుకుంది, అటుపక్క బావ. లైట్లు ఆర్పారు. మేనకోడలు మైకు అందుకుంది.

“చూడండి, హీరోగారికి కుడికాలికి దెబ్బ తగిలింది, ఎడమకాలు కుంటుతున్నారు. కుంటడమంటే మాటలా అండీ? కాలు బలంగా ఉండద్దూ!”

హాలంతా గొల్లుమంది. బావ మరీను, పక్కవాడి భుజం చరిచి నవ్వుతున్నాడు. ఎడిటరుగారు కూడా నవ్వబోయారుగానీ, దవడలు సహకరించలేదు. ఆపైన రెండో సగం మొదలైంది. హీరో ఉద్వేగంగా ఒక డైలాగు చెప్పి, కెమెరావైపు తిరిగి, ‘బాగొచ్చిందా?’ అని అడిగాడు.

“రాలేదు నాయనా, రాలేదు!” అంది మేనకోడలు.

“అదిగో, నా సీను!” అని అక్క తమ్ముడి మోచేయి గిల్లింది. ఆరోజు శవం వేషానికి రావలసినామె రాకపోతే, డైరెక్టరు భార్య కదా అని అక్కనే పడుకోబెట్టారు. తెరమీద అక్క ముక్కు ఎగబీల్చి ఘనంగా తుమ్మింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అక్క కూడా లేచి దండం పెట్టింది.

“ఇలాంటి ఇంట్లో పుట్టానండీ” అంది మేనకోడలు నవ్వుతూనే. “నన్ను పట్టుకుని సినిమా తియ్యమంటున్నాడు ఒక పెద్దమనిషి. ఆ రక్తమే కదండీ నాది! జనం మీద నాకేం కక్ష? రేపు వద్దని చెప్పేస్తున్నా.”

అందరూ నవ్వారు. బావా నవ్వబోయాడు. సగంలో ఆగిపోయి తల దించుకున్నాడు. అది చూశాక ఎడిటరుగారికి ఇక కూర్చోబుద్ధి కాలేదు.

“ఆపండి! సినిమా ఆపండి!” అంటూ లేచారు.

బొమ్మ ఆగింది. ఇదీ వేడుకలో భాగమే కాబోలని జనం ఈలలు వేశారు. ఎడిటరుగారు కొక్కేల సంగతి మొత్తం చెప్పారు. గురువుగారి కుర్చీ సంగతి చెప్పారు. హాలు విరగబడి నవ్వింది. “నిజమండీ, మా అమ్మ మీద ఒట్టు!” అంటే ఇంకా నవ్వింది. ముప్పై ఏళ్లు దాచుకున్న పాపాన్ని బయటపెడితే, ఆ సినిమాకి కూడా రానంత నవ్వు ఆయన మాటలకొచ్చింది. మేనకోడలు ఒక్కత్తే నవ్వలేదు.

“నిజమేనా మావయ్యా?”

“నిజమే తల్లీ. తప్పు నాది. మీ నాన్నది కాదు.”

“అయితే, నాన్న బాగానే తీశాడా?”

అందరూ బావవైపు తిరిగారు. పోయిన పరువు పళ్లెంలో పెట్టి అందించినట్టే కదా, అవునంటే సరిపోతుంది. బావ నెమ్మదిగా లేచివెళ్లి కూతురి చేతిలో మైకు తీసుకున్నాడు.

“మొదటాటకే నాకు తెలిసిపోయిందమ్మా. మర్నాడు పొద్దున్నే ఎడిటింగు గదికెళ్లి, మంచి టేకులన్నీ వేసుకుని చూశాను, మళ్లీ అతికిద్దామని. మీ అమ్మ తుమ్మనిది కూడా చూశాను.” భార్యవైపు ఓసారి చూశాడు. “తుమ్మిందే నయం. ఆ సీన్లో ఒక్కరైనా ప్రాణంతో ఉన్నట్టుంది.”

“మరి నాతో ఒక్క మాటైనా అనలేదేం బావా!” అని అరిచారు ఎడిటరుగారు.

“ఎలా అంటానురా? తప్పు నీదని బయటపడితే, ‘అయితే ఆ మంచివేవో చూపించండి’ అనరూ జనం? నా పరువు కాపాడ్డానికే నువ్వు నోరు మూసుకున్నావనుకున్నా. నీకెంత రుణపడ్డానో అనుకుంటూ బతికాను.”

ఎడిటరుగారు కుర్చీలో కూలబడ్డారు. ఓ గొప్ప సినిమాని నాశనం చేశానని ఇన్నేళ్లూ కుమిలిపోయారు. నిజం చెప్పొద్దూ, ఆ కుమిలిపోవడంలో కాస్త గొప్ప కూడా ఉండేది. తీరా చూస్తే సినిమాని పాడుచేయడం కూడా ఆయనకి చేతకాలేదు. సిగ్గేసింది. దాని వెనకే, ఏడుపొచ్చేటంత హాయిగానూ అనిపించింది.

“అయితే లోపం రక్తంలోనే ఉందన్నమాట” అంది మేనకోడలు నీరసంగా.

“ఉందమ్మా. ఇటు నేను, అటు మీ మావయ్య. తప్పించుకునే దారే లేదు నీకు.” బావ కూతురి తలమీద చెయ్యి వేశాడు. “చెత్త సినిమా తీస్తే ఏమైపోతానోనని కదే నీ భయం? నన్ను చూడు. అందరికన్నా చెత్త సినిమా తీశాను. ఏమైంది? ఆదివారం పూట పెళ్లాం పక్కన కూర్చుని, కూతురు వేళాకోళం చేస్తుంటే నవ్వుకుంటున్నాను. ఇంతే అవుతుంది. ఇంతకుమించి ఏమీ కాదు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేనకోడలు చేత్తోనే కళ్లు తుడుచుకుని మైకు వెనక్కి లాక్కుంది.

“రేపు సరేనని చెబుతాను. కానీ మావయ్యా...”

“చెప్పు తల్లీ.”

“నా సినిమా ఎడిటింగు జరిగే వీధిలోకి కూడా నువ్వు రాకూడదు.”

“రాను, ఒట్టు!” అన్నారు ఎడిటరుగారు. సినిమా రంగానికి ఆయన చేసిన మేలు అదొక్కటే.