ఓదార్పు కుర్చీ

ఈస్టర్ ముందు శనివారం మా రేవు చర్చిలో గంట మోగదు, పూలు పెట్టరు, దీపం వెలిగించరు. శుక్రవారం ప్రభువును సమాధి చేశాం కదా, ఇక శనివారమంతా మరియమ్మ తల్లికి పరామర్శే. ఆమెకు నల్ల గౌను తొడిగి బలిపీఠం ముందు నిలబెడతాం. ఊరంతా వరసకట్టి వచ్చి చావింట్లో చెప్పినట్టే చెబుతుంది: "అమ్మా, నీ కొడుకు పోయాడు. నీ దుఃఖం మాది కూడా." బొమ్మ బదులు పలకదు కాబట్టి, పక్కన కుర్చీలో కూర్చున్న ఆడమనిషి ఆమె తరఫున "అందింది, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి" అంటుంది. ఆ కుర్చీలో కూర్చున్నాక ఎవరి ఓదార్పునూ కాదనకూడదు. అది మా కట్టుబాటు.

ఆ కుర్చీ ఏళ్ల తరబడి యుడోసియాది. ఆమె కొడుకు నికానోర్ కిందటి చలికాలంలో చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవ చెక్క ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు. పరామర్శకు వెళ్లినవాళ్లను ఆమె గడప తొక్కనివ్వలేదు. పొరుగుదేశం వాళ్లు పట్టుకుని జైల్లో పెట్టారని, ఇవాళో రేపో వదిలేస్తారని దబాయించేది. ఆత్మశాంతికి పూజ పెడదామన్న ఫాదర్‌ను, బతికున్నవాడికి పూజేమిటని కడిగిపారేసింది. నాకూ నోరెక్కువే గానీ ఆమె ముందు పెగల్లేదు.

మధ్యలో నలిగిపోయింది కోడలు ఎర్లిందా. ఒకసారి నల్ల జాకెట్టు వేసుకుంటే అత్త దాన్ని బ్లీచింగ్ నీళ్లలో ముంచేసింది. పాపం, ఆ పిల్ల పూలగౌను వేసుకునే చేపలమ్మేది. ఏడుపొస్తే వలల కొట్టం వెనక్కి పోయి ఏడ్చుకుని వచ్చేది. మొగుడు పోయినా దీనికి సోకు తగ్గలేదని సంతలో ఆడవాళ్లు దెప్పుతుంటే వాళ్ల మూతి మీద ఒకటివ్వాలనిపించేది నాకు.

ఈ ఏడు కుర్చీలో వేరొకరిని కూర్చోబెడదామని ఫాదర్ నెమ్మదిగా కదిపి చూశారు. యుడోసియా ససేమిరా అంది. కుర్చీ వదులుకుంటే కొడుకు పోయాడని ఒప్పుకున్నట్టేనని ఆమె పట్టుదల.

"నాకేమైందని మానాలి క్లోటిల్దా?" అంది నాతో. "నా కొడుకు బతికే ఉన్నాడు. పోయింది ఆవిడ కొడుకు."

శనివారం పొద్దున వరస కదిలింది. జాలర్లు, ఐసు మోసేవాళ్లు, వలలు బాగుచేసే ముసలాళ్లు, అందరూ మరియమ్మ వైపే చూస్తూ చెప్పారు గానీ, ఇన్నాళ్లూ యుడోసియాతో చెప్పలేక మింగిన మాట అదేనని వాళ్ల గొంతులే చెప్పాయి. ఆమె మాత్రం తొణక్కుండా అందరికీ బదులిచ్చింది. ఆ మొండితనం చూసి నాకు కోపం, జాలి ఒకేసారి వచ్చాయి.

అప్పుడొచ్చింది ఎర్లిందా, తల నుంచి పాదాల దాకా నలుపులో. ఆ బట్టలు నావే. నేనే ఇచ్చాను, ఎవరేమనుకుంటే నాకేం. పిల్ల మరియమ్మకు మొక్కి, వెళ్లిపోకుండా కుర్చీ వైపు తిరిగి మోకరించింది.

"అత్తా, నీ కొడుకు పోయాడు. నీ దుఃఖం నాది కూడా."

లాగి చెంప మీద కొడుతుందనే అనుకున్నాను. యుడోసియా కుర్చీ పిడి పట్టుకుని మా అందరి వైపూ చూసింది, ఎవరైనా అడ్డుపడతారేమోనని. ఎవరూ కదల్లేదు. కుర్చీలో ఉంది, కాదనడానికి లేదు.

"అందింది," అంది. దీవెన మాట పైకి రాలేదు.

కోడలు లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ నల్ల బట్టల్ని అప్పుడే చూసినట్టు చేత్తో తడిమింది.

"నీకెవరన్నా ఓదార్పు చెప్పారటే?"

"చెప్పనిస్తేగా అత్తా."

యుడోసియా లేచింది. కోడల్ని భుజాలు పట్టి కుర్చీలో కూర్చోబెట్టి, వాచిన మోకాళ్లతో తను నేల మీదకు దిగింది.

"ఎర్లిందా, నీ మొగుడు పోయాడమ్మా. నీ దుఃఖం నాది కూడా."

ఆ పిల్ల అత్త తల ఒళ్లోకి లాక్కుని గొల్లుమంది. ఇన్నాళ్లకు నలుగురిలో ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు. యుడోసియా ఆ ఒళ్లోంచే మరియమ్మ వైపు చూసింది.

"ఆవిడ కొడుకు రేపు లేచొస్తాడు," అంది. "మనోడు రాడే."